పదిహేను పావులు

బడి మానేసిన పద్దెనిమిదేళ్లకు మళ్లీ పుస్తకం పట్టాను. వారమంతా బంట్వారంలో మిషన్ కుట్టుకుంటూ, ఆదివారం బస్సెక్కి వికారాబాద్‌లో ఓపెన్ స్కూల్ పదో తరగతి క్లాసులకు వెళ్లేదాన్ని. అక్కడ అందరూ నాకంటే చిన్నవాళ్లే.

లెక్కల సారు మొదటి రోజే నన్ను లేపి నిలబెట్టాడు.

"చూడమ్మా, ఈ వయసుల లెక్కలు నీకు రావు. గృహవిజ్ఞానం తీస్కో. వంట, కుట్టు రాస్తే పాసైతవ్."

"లెక్కలే రాస్త సార్" అన్నాను. ఆయన కూర్చోమనకముందే కూర్చున్నాను.

నిజానికి భిన్నాలంటే నాకు భయమే. గీత కింద పెద్ద అంకె ఉంటే ఎలాగో అర్థమయ్యేది. పైన పెద్దది ఉంటే దాన్ని అపక్రమ భిన్నం అంటారట. ఆ పేరు చదివితేనే ఏదో తప్పు చేసినట్టుండేది. గొర్లు అమ్మేశాక రెండు బర్రెలు పెట్టుకుని వాడకు పాలు పోసే మా అవ్వతో చెప్పుకున్నాను.

"పదకొండు బై నాలుగంట అవ్వా. సమజైతలేదు."

అవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "పదకొండు పావులే గద బిడ్డ. నాలుగు పావులకు ఒక శేరు, ఎనిమిదికి రెండు. ఇంక మూడు పావులు మిగిల్నయి. రెండు శేర్ల ముప్పావు. గిందుల పరేషాన్ ఏమున్నది?"

కాగితం మీద చేసి చూశాను. పదకొండును నాలుగుతో భాగిస్తే రెండు, శేషం మూడు. వెనక్కి వస్తే, రెండు నాలుగులు ఎనిమిది, మూడు కలిపితే పదకొండు. ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. అక్షరం రాని మా అవ్వ రోజూ చేసే పని నాకు రాదని సారు ఎట్లా తేల్చేశాడు?

తర్వాతి ఆదివారం సారు బోర్డు మీద 15/4, 3⅔ రాసి ఏది పెద్దదని అడిగాడు. మూడు కళ్ల ముందే కనిపిస్తోంది కాబట్టి 3⅔ అని అందరూ అరిచారు.

"15/4 సార్" అన్నాను.

"అందాజగ చెప్తున్నవా?"

పిలవకపోయినా బోర్డు దగ్గరికి వెళ్లాను. 15/4 పక్కన 3¾ అని రాశాను. "రెండింట్ల మూడు ఉన్నది సార్. మీటరు గుడ్డను నాలుగు సమానం ముక్కలు చేసి మూడు తీస్కుంటే, మిగిలేది చిన్న ముక్క. మూడు ముక్కలు చేసి రెండు తీస్కుంటే, మిగిలేది పెద్ద ముక్క. తక్కువ మిగిల్తే ఎక్కువ తీస్కున్నట్టే గద."

"గుడ్డముక్కలు రాస్తే పరీక్షల మార్కులు పడయి."

"గట్లైతే గిట్ల గూడ రాస్త" అని హారాలు సమానం చేశాను: 45/12, 44/12. సుద్దముక్క ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. సారు బోర్డు మీది లెక్క సరిచూసి, "కరెక్టే" అన్నాడు. ఆ వారం పరీక్ష ఫారంలో లెక్కలు అని నా చేత్తో నేనే రాసుకున్నాను.

పరీక్ష తాండూరులో పడింది. మూడు గంటలూ కూర్చుని, కాగితం లాక్కునేదాకా రాశాను. లెక్కల్లో వందకు యాభై ఎనిమిది మార్కులు వచ్చాయి. గొప్ప మార్కులేం కావు, కానీ నావి. నిన్న ఇంటర్‌లో చేరడానికి వెళ్లాను. అక్కడా లెక్కలే పెట్టాను. ఎవరి సలహా అడగలేదు.