చేతులు మాత్రమే

ఈ రోజు మధ్యాహ్నం బళేపేటలోని మా గాజుల దుకాణానికి వైట్‌ఫీల్డ్ నుంచి ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. నా ఈడుదే, తెలుగమ్మాయే. చేతినిండా గాజులు తొడుక్కుని రీల్ మొదలుపెట్టింది. ఫోన్ పట్టుకున్నది వాళ్ల నాన్న. "ఇంకొంచెం నవ్వు బంగారం" అంటున్నాడు. మా నాన్న కూడా ఆ పిల్ల మొహం బాగా కనిపించాలని ఇంకో లైటు వేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా దుకాణం వీడియోలన్నీ చేసేది నేనే. వాటిలో కనిపించేవి మాత్రం నా చేతులే, అదీ తమ్ముడి అకౌంట్లో.

వాళ్లు వెళ్లాక అడిగాను.

"నాన్నా, నేనూ మొహం చూపిస్తా ఒక రీల్ చేస్తా."

"ఆ పాప కథ వేరే. మన పేటలో అందరూ తెలిసినోళ్లే ఉండారు, నోటికొచ్చినట్టు మాట్లాడతారు. చేతులు చాల్లేమ్మా."

"మరి ఆ పాపకి లైటు వేసినావు కదా?"

నాన్న గాజుల పెట్టెలు సర్దుకున్నాడు.

సాయంత్రం ఆ రీల్ చూశాను. ఎంత బాగుందో! కుళ్లుకుంటూనే మళ్లీ మళ్లీ చూశాను. లైక్ మాత్రం కొట్టలేదు.

ఇంట్లో తెలియని ఈ అకౌంట్లో కూడా నా ఫొటో చోట మందారపువ్వే ఉంది. మీలో ఇంకా ఎవరెవరు ఇలా మొహం బదులు పువ్వు పెట్టుకున్నారో, కాస్త చెప్పండి.