నాన్న మెత్తబరిచిన మాట

మొన్న సైబర్‌జయలో, కంప్యూటర్ కంపెనీల ఊళ్లో, మనవరాలి ఇంట్లో ఉన్నాను. తను పనిచేసే కంపెనీలో ఆఫీసు ఊడ్చే ఆడవాళ్లను, కాంట్రాక్టరు మారాడన్న వంకతో తీసేశారట. వాళ్ల తరఫున యాజమాన్యానికి ఇంగ్లీషులో ఉత్తరం రాసి, "విను లా, అమ్మమ్మా" అని, ఈ దేశపు అలవాటుగా మాట చివర లా తగిలించి, చదివి వినిపించింది. మొదటి వాక్యమే దయచూపమని వేడుకుంటున్నాం అని. నాకు ఒళ్లు మండిపోయింది. తమ పని తాము అడగడానికి వేడుకోవడం దేనికని గట్టిగానే అన్నాను. పిల్ల బిక్కమొహం వేసింది. నా కోపం తన మీద కాదనీ, డెబ్బై ఏళ్ల కిందటి ఒక పొద్దుటి మీదనీ దానికేం తెలుసు పాపం.

మా పెద్దలు ఇండియా నుంచి ఓడెక్కి కూలికి వచ్చిన ఈ దేశంలో, సుంగై పెటాని దగ్గర ఒక రబ్బరు తోటలో మా నాన్న కెరాణి, అంటే గుమాస్తా. తెల్ల నిక్కరు, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు, ఒక సైకిలు. ఆ సైకిలును చూసుకుని మా అమ్మకు ఎంత గర్వమంటే, మమ్మల్ని లైన్లనే కూలీల వరస ఇళ్లలో మంచినీళ్లు కూడా తాగనిచ్చేది కాదు. చిక్కేమిటంటే ఆ లైన్లలోనే మా మేనత్త ఉండేది, నాన్నకు సొంత చెల్లెలు. తాత ఇద్దరిలో ఒకరినే బడికి పంపగలిగాడు, నాన్నను పంపాడు. అత్త చేతికి రబ్బరు చెట్లు గీసి పాలు తీసే గీత కత్తి వచ్చింది. ఎంత తోమినా ఆమె చేతులకు రబ్బరు పాల పుల్లటి వాసన పోయేది కాదు. మా పెరటి గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేది, నాన్న మేజోళ్లు చూసి కొంగ అని నవ్వేది. నాన్న కూడా ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా నవ్వగా నేను చూడలేదు.

అవి ఎమర్జెన్సీ రోజులు, ఇండియాలోది కాదు, ఈ దేశాన్నేలే తెల్లవాళ్లు అడవిలోని కమ్యూనిస్టుల మీద యుద్ధానికి పెట్టింది. లైన్ల చుట్టూ ముళ్లకంచె. అడవిలో దాక్కున్నవాళ్లకు చేరుతుందని గేటు దాటి పిడికెడు అన్నం పట్టుకెళ్లనిచ్చేవారు కాదు, తెల్లారకముందు వెళ్లినవాళ్లు మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో చెట్లు గీయాల్సిందే. దానికి తోడు, రబ్బరు ధర పడిందని కంపెనీ కూలి తగ్గించి, మనిషికి గీయాల్సిన చెట్లు పెంచింది. ధర ఆకాశాన్నంటినప్పుడు మాత్రం ఎవరికీ ఏమీ పెంచాలని గుర్తు రాలేదు. నోరెత్తితే పోలీసు లారీ వస్తుందనీ, ఓడెక్కించి ఇండియాకు తోలేస్తారనీ అందరికీ తెలుసు.

ఇక్కడ కెరాణీల అలవాటొకటి చెప్పాలి. తోట మేనేజరుగా కొత్తగా వచ్చిన తెల్లదొరకు తమిళం రెండు ముక్కలు, తెలుగు సున్నా. కూలీలు ఏమన్నా నాన్నే ఇంగ్లీషులో చెప్పాలి. వాళ్లు తిట్టినా గదమాయించినా దొర చెవికి అది విన్నపంగానే చేరేది. దానివల్ల చాలామంది పనులు ఊడకుండా నిలిచాయి. నాన్న దాన్ని తన చదువులో గొప్ప భాగమనుకునేవాడు.

ఆ పొద్దున పేర్లు పిలిస్తే ఒక్కరూ పలకలేదు. కత్తులన్నీ ఆఫీసు మెట్ల ముందు నేల మీద పెట్టి నిలబడ్డారు. దొర వచ్చి ఏమిటిదన్నాడు. అత్త ముందుకొచ్చింది.

"అన్నియ్యా, ఆడికి సెప్పు. మేం అడుక్కోడానికి రానేదు. పాత కూలి ఇచ్చినదాకా కత్తి ముట్టం. మా సేతులు నేకపోతే ఈ తోట వొట్టి అడివి."

నాన్న దొరవైపు తిరిగాడు. ఆమెను కాపాడాలనే చేశాడు, అందులో నాకు అనుమానం లేదు. కూలీలు తమ కష్టాలు దొరవారికి విన్నవించుకుంటున్నారనీ, పనికి సిద్ధమేననీ, కాస్త కనికరించమంటున్నారనీ చెప్పాడు. దొర నేల మీది కత్తులు చూశాడు. ఇంత అణకువైనవాళ్లు కత్తులు తీయడం లేదంటే వీళ్లను ఎవరో ఆపుతున్నారన్నమాట, అన్నాడు. అదెవరని అడగాల్సిన పని లేకపోయింది, నోరు విప్పింది ఒక్కతే కదా. మధ్యాహ్నానికి అత్త కోసం పోలీసు లారీ వచ్చింది. నాన్న అడ్డం పడి, తను తప్పు చెప్పాననీ, అందరి మాటా అదేననీ మొత్తుకున్నాడు. దొర ఆయన భుజం తట్టి, చెల్లెలు కదా, బాధ సహజమే అన్నాడు. తుపాకుల ముందు మిగతావాళ్లు కదల్లేకపోయారు.

లారీ దగ్గర నాన్న ఏడుస్తూ, తను దొరకు ఏం చెప్పాడో అత్తకు చెప్పేశాడు. ఆమె తిట్టలేదు.

"నాను సెప్పినట్టే సెప్పుంటే మా అందర్నీ తీసుకెళ్లాల కదా, అన్నియ్యా. అంత లారీ ఆడికాడ నేదు."

ఆ తోటలోనే పుట్టిన మనిషిని, ఇండియా ఎటువైపుందో ఎరగని మనిషిని, పినాంగు రేవులో ఓడెక్కించారు. మర్నాడు లైన్లవాళ్లు కత్తులు తీసుకుని అదే తక్కువ కూలికి వెళ్లారు. కొన్నేళ్లకు మెర్డెకా వచ్చింది, దేశానికి స్వతంత్రం. తోటలో జెండా ఎగిరింది, మిఠాయిలు పంచారు. కంపెనీ అదే, దొరా అతనే. అతని శుభాకాంక్షలు తెలుగులో చెప్పమంటే గొంతు నొప్పని నాన్న ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరి మాటా ఎవరికీ చేరవేయలేదు. అత్త దగ్గర్నుంచి ఉత్తరం ఎందుకు రాదని నేను అడిగితే, దానికి రాయడం రాదు, ఇక్కడుండగా రాసిపెట్టేది నేనే కదా అన్నాడు.

అత్త ఆ పొద్దున అన్న మాటలు ఒక్కటీ మెత్తబడకుండా నేనిప్పుడు ఇంగ్లీషులో చెప్పగలను. డెబ్బై ఏళ్లు ఆలస్యమైంది.