గాలి లేచాక ఇచ్చిన బాప్తిస్మం

తాడేపల్లిగూడెం నుంచి మా చర్చి పెద్దయ్యగారు నన్ను కొల్లేటి లంకకు పాస్టరుగా సేవకు పంపినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది అది. కొల్లేటికోట దాటాక ఎటు చూసినా నీళ్ళే. నాకు ఈత రాదు. ఆ సంగతి లంకలో ఎవరికీ చెప్పలేదు. ఒక ప్రార్థన పాక, దాన్ని ఆనుకుని గది, ఒక స్వెట్టరు, మఫ్లరు. ఆ చలికాలానికి నా దగ్గరున్నవి అవే.

డిసెంబరులో ఒక ముసలాయన నా దగ్గరకు వచ్చాడు. వయసులో ఉండగా వలలు వేసినవాడు, ఇప్పుడు ఆయాసంతో నాలుగడుగులకోసారి ఆగేవాడు. క్రిస్మస్ నాడు అందరితోపాటు ప్రభువు బల్లలో చెయ్యి వేయాలని, అంటే రొట్టె, ద్రాక్షరసం అందుకోవాలని, ఆయన కోరిక. మా సంఘంలో బాప్తిస్మం తీసుకోనివారికి బల్ల ఇవ్వరు. బాప్తిస్మమంటే నీళ్ళలో పూర్తిగా ముంచి లేపడమే.

చదువు అంతంతే అయినా, దేన్నైనా మనసులో లెక్క కట్టి చూడటం నాకు నేనే నేర్చుకున్న అలవాటు. ఆయాసం, చలి, నీళ్ళు. మూడూ కలిపి చూస్తే ఆ మనిషి ప్రాణం నా చేతుల్లోనే పోతుందనిపించింది. డాక్టరు కావాలంటే పడవలో గంట, ఆపైన ఆటో, బస్సు పట్టుకుని ఏలూరు చేరేసరికి ఇంకో గంటన్నర.

"వేసవి దాకా ఆగుదామండి," అన్నాను.

"వేసవి దాకా నేనుంటానని మీకెవరు చెప్పారండి అయ్యగారూ?"

"పోనీ, నెత్తిమీద నీళ్ళు చల్లి ప్రార్థన చేస్తాను. కొన్ని సంఘాల్లో అలాగే ఇస్తారు."

ఆయన నవ్వబోయి దగ్గాడు. "నాలుగు చుక్కలు జల్లి పంపేత్తారా? వరిమడికి మందు కొట్టినట్టు? నీళ్ళల్లో పుట్టినోణ్ణండి నేను."

చివరికి ఒప్పుకున్నాను. ఆ లంకలో బాప్తిస్మాలు తెల్లవారగానే, మంచులోనే ఇస్తారు. నేను మాత్రం పదకొండు గంటలకు పెట్టాను. ఎండెక్కితే ఆయనకు చలి తగ్గుతుందని నా లెక్క. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దైవసేవకుడికి ఎదురు చెప్పడం బాగోదనుకున్నారేమో, సరేనని వెళ్ళిపోయారు.

అనుకున్నట్టే మంచు విడిపోయి ఎండ వచ్చింది. దానితోపాటే గాలీ లేచింది. నీళ్ళ మీద గుర్రపుడెక్క ఊగిపోతోంది. ముసలాయన కూతురు నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "పొద్దున్నే కానిచ్చేత్తే పోయేదండి. మంచున్నంతసేపు గాలుండదు. నీళ్ళల్లో ఏం కాదండి, తడి ఒంటికి గాలి తగిలితేనే..."

నా లెక్కలో గాలి లేదు. రేపు పొద్దున్నే చేద్దామందామని నోరు తెరిచేసరికి, ముసలాయన అప్పటికే చొక్కా విప్పి నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. "రండయ్యగారూ, ఇక్కడ లోతు లేదులెండి. మీకూ ఏం కాదు," అన్నాడు. నాకు ఈత రాదని ఆయన ఎప్పుడు కనిపెట్టాడో!

దిగాను. నీళ్ళు అనుకున్నంత చల్లగా లేవు. ఆయన వీపు కింద చెయ్యి పెడితే ఎముకలు ఒక్కొక్కటీ వేళ్ళకు తగిలాయి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ముంచాను. లేపాను. ఆయన కళ్ళు తెరవలేదు. ఊపిరి తీయలేదు. ఒడ్డున సంఘస్థులు పాడుతున్న పాట ఆగిపోయింది. అప్పుడు ఆయన ఒక్కసారిగా గాలి పీల్చి దగ్గాడు. ఒడ్డెక్కేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి. కూతురు దుప్పటి చుట్టి పొయ్యి దగ్గరకు తీసుకుపోయింది.

వాళ్ళ ఇల్లు నా గదికి వెనకే. క్రిస్మస్ దాకా ఆ దగ్గు వింటూనే గడిపాను. వినిపిస్తే భయం, ఆగితే మరీ భయం. పండగ ముందు రోజు పొద్దుటి నుంచి అసలు వినిపించలేదు. వెళ్ళి అడిగే ధైర్యం లేక గదిలో మోకాళ్ళ మీదే ఉండిపోయాను.

క్రిస్మస్ నాడు పాక నిండిపోయింది. ఆయన కూర్చునే చోటు వైపు చూడకుండా బైబిలు వాక్యం చెబుతున్నాను. మధ్యలో గుమ్మం దగ్గర దగ్గు వినపడింది. ఆగిపోయాను. కూతురి భుజం పట్టుకుని ఆయన లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"ఆపేశారేంటండి? కానివ్వండి, నాకు తొందరేం లేదు," అన్నాడు.

అందరూ నవ్వారు. వాక్యం ఎక్కడ ఆపానో నాకు గుర్తు రాలేదు. బల్ల దగ్గర మొదటి రొట్టె ముక్క ఆయన అరచేతిలోనే పెట్టాను.