నెహెమ్యా చేతికిచ్చిన పిస్తోలు

కర్నూలు పాతబస్తీ సందులో తుపాకులు బాగుచేసే నెహెమ్యాకు ఒకటే జబ్బు. ఏ వస్తువూ చెప్పిన పొద్దుకు తిరిగివ్వడు. సాయంత్రం రమ్మంటాడు. పోతే, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "అయిపాయ గానీ, ఇంకొకటి ఉండాదప్పా" అంటాడు. ఆ ఇంకొకటి వెనకాల మరొకటి కాచుకొని ఉంటుంది. అడవిపందులను బెదిరించడానికి పెట్టుకున్న తుపాకిని ఆలూరు రైతొకడు ఇచ్చిపోతే, అది చేతికొచ్చేలోగా పందులు చేనంతా మేసి, కడుపు నిండి, పక్కూరికి కాపురం మార్చాయని సందులో చెప్పుకుంటారు.

నెహెమ్యా పోలీసు ఆయుధాగారంలో పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయింది. కూతురు రెజీనా నంద్యాలలో నర్సు. డ్యూటీ లేనప్పుడు ఫోన్ చేస్తుంది. "ముసలాయనకు మాట్లాడేదానికి మనిషి కావల్ల. అందుకే వస్తువును అట్టిపెట్టుకుంటాడు" అని పక్కనే టీ అంగడి పెట్టుకున్న కృపమణి తేల్చేసింది. సందు మొత్తం అదే నమ్మింది.

ఇవేవీ తెలియని భూపేష్ ఒకరోజు విసురుగా వచ్చి, నడుముకున్న పిస్తోలును తోలు ఒరతో సహా తీసి బల్లమీద పెట్టాడు.

"మ్యాగజైన్ దానంతటదే జారి పడిపోతాండాది పెద్దాయనా. సాయంత్రానికి కావల్ల."

"యాడ పడిపాయ?"

"యాడైతే ఏమి?"

"పడిన చోటు తెలిస్తే జబ్బు తెలుస్తాది. కూర్చో."

భూపేష్ ప్లాట్ల వ్యాపారి. ఎప్పుడో ఒక పోటీదారు బెదిరిస్తే లైసెన్సు తీసుకున్నాడు. ఆ పోటీదారు షుగరు జబ్బుతో పోయినా పిస్తోలు మాత్రం భూపేష్ నడుమును వదల్లేదు. దాంతో జనం అతన్ని వదిలేశారు. పెళ్ళిళ్ళలో అతని పక్క కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉండేది. భార్య, కూతురి చదువు కోసం బెంగళూరులో ఉంటోంది. అతను హోటలు పార్సిలు విప్పుకొని, టీవీ పెట్టుకొని, అది మాట్లాడుతుంటే తింటాడు.

 కృపమణి తెచ్చిన టీ సగం తాగాక పడిన చోటు చెప్పాడు.

కోడుమూరు దగ్గర అన్నదమ్ముల చేలు పక్కపక్కనే. తమ్ముడు శ్రీనివాసులు, భూపేష్ చేనికి పోయే దారికి అడ్డంగా రాళ్ళు పాతాడు. భూపేష్ తమ్ముని ఇంటిముందుకు పోయి, నడుము మీద చెయ్యేసి, "తీస్తావా, తీయవా?" అని అరిచాడు. సరిగ్గా అప్పుడే పిస్తోలు పిడిలో ఉండాల్సిన మ్యాగజైన్, అదే తూటాల డబ్బా, చొక్కా కిందినుంచి జారి టక్కున నేలమీద పడింది. మేతేమో అనుకొని ఒక కోడి పరుగున వచ్చి దాన్ని పొడిచింది. మరదలు మధులత కోడిని అదిలించి, డబ్బాను కొంగుతో తుడిచి, "బావా, మీదేందో పడిపాయ" అని చేతికిచ్చింది. కూలోళ్ళు నవ్వారు. తమ్ముడూ నవ్వాడు.

"రేపు మళ్ళా పోతాండా. ఈసారి పడకూడదు. వాని నవ్వు ఆపాల" అన్నాడు భూపేష్.

నెహెమ్యా అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత పిస్తోలును ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"రేపు రాప్పా."

మర్నాడు పోతే, మ్యాగజైన్‌ను వదిలే బటన్ కింది స్ప్రింగు మెత్తబడిందన్నాడు. "మార్చినా. ఇంకొకటి ఉండాదప్పా. ఒర చూడల్ల." ఆ మర్నాడు ఒర కూడా అయింది, బటన్‌కు ఏదీ తగలకుండా మందపాటి తోలు కుట్టాడు. కానీ బెల్టు వదులట. బెల్టు కొని తెస్తే, పొట్ట అడ్డమట.

"కూర్చున్నప్పుడు నీ పొట్ట పోయి బటన్ను నొక్కుతాండాది."

"అయితే బాగుచెయ్యి!"

"పొట్ట నాకు రాదప్పా. తుపాకులదే నా లైసెన్సు."

అటు తర్వాత కారు సీటు చూడాలన్నాడు. చూసి, నడక చూడాలన్నాడు. భూపేష్ ఆ సందులో ఇటూ అటూ నడుస్తుంటే కృపమణి అంగడి ముందు టీ తాగేవాళ్ళంతా గ్లాసులు పట్టుకొని నిలబడి చూశారు. మధ్యమధ్య ముసలాయన సంబంధం లేని ప్రశ్నలు వేసేవాడు. చిన్నప్పుడు మీకిద్దరికీ ఒకటే సైకిలా? ఎవరు తొక్కేది? ఎవరు వెనక కూర్చునేది? తమ్మునికి జ్వరమొస్తే కోడుమూరు ఆసుపత్రికి ఎవరు ఎత్తుకొని పోయిరి?

భూపేష్ రోజూ తిట్టుకుంటూనే వచ్చేవాడు. ఒకరోజు నెహెమ్యా అంగడి మూసి ఉంటే మెట్టుమీద చాలాసేపు కూర్చున్నాడు. ఇంటికి పోతే చేసేదేముంది? ఆ రోజు ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదని రాత్రి అన్నం ముందు కూర్చున్నాకే అతనికి తట్టింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, "నిన్న యాడికి పోయింటివి?" అని ముసలాయన మీద కేకలేశాడు. నెహెమ్యా నొచ్చుకోలేదు సరికదా, ముసిముసిగా నవ్వాడు.

చివరికి ఒకరోజు, ఆకురాయితో ఏదో రుద్దుతూ తలెత్తకుండానే అన్నాడు:

"మీ తమ్ముడు శ్రీనివాసులు..."

భూపేష్ చెయ్యి చటుక్కున నడుము మీదికి పోయింది. అక్కడ పిస్తోలు లేదు.

"అదీ!" అన్నాడు నెహెమ్యా. "అన్నిటికంటే పెద్ద జబ్బు అది. తమ్ముని పేరు వింటానే చెయ్యి ఆడికి పోతాది, బొటనవేలు బటన్ను నొక్కుతాది. స్ప్రింగు ఎంత గట్టిదేసినా నీ వేలు ముందర నిలబడదు."

"మరేం చేయాల?"

"ఒక పరీక్ష. వట్టి చేతుల్తో పోయి తమ్ముని ముందర నిలబడు. నీ చెయ్యి యాడికి పోతాదో చూసుకొని వచ్చి చెప్పు. దాన్నిబట్టి పని చేస్తా."

ఇదేం రిపేరో భూపేష్‌కు అర్థం కాలేదు. అయినా పోయాడు. పిస్తోలు బరువుకు అలవాటుపడ్డ ప్యాంటు, అది లేక దిగిపోతుంటే, రెండు చేతులా పట్టుకొని తమ్ముని వాకిట్లో నిలబడ్డాడు. శ్రీనివాసులు ముందు అతని నడుము వైపు చూశాడు. తర్వాత మొహం చూశాడు.

"ఏంరా, ఇట్ల చిక్కిపోయినావు?" అన్నాడు భూపేష్. అనుకున్న మాట అది కాదు. నోటికి అదే వచ్చింది.

"నువ్వేమన్నా లావైనావా?" అన్నాడు తమ్ముడు. అని, పక్కకు జరిగి దారిచ్చాడు.

సాయంత్రం అంగడికి వచ్చేసరికి నెహెమ్యా పని ఆపి ఎదురుచూస్తున్నాడు.

"చెయ్యి యాడికి పాయప్పా?"

"జొన్నరొట్టె మీదికి" అన్నాడు భూపేష్. "మధులత పెడతానే ఉండాది, నేను తింటానే ఉన్నా. రాళ్ళ సంగతి ఇంకా తేలల్యా. మళ్ళా మాట్లాడుకోవాల."

"మాట్లాడుకోండి. మాట్లాడుకుంటే తేలతాది."

ముసలాయన బీరువా తీసి, పిస్తోలు బల్లమీద పెట్టాడు. "తీసుకుపో. పని అయిపాయ."

"ఎప్పుడైంది?"

నెహెమ్యా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. టీ గ్లాసులు తెచ్చిన కృపమణి ఊరుకోలేకపోయింది. "స్ప్రింగు ఆ మొదటి పొద్దే వేసెనప్పా. నువ్వు ఇట్ల పోతానే అట్ల వేసె. ఎందుకు అట్టిపెట్టుకున్నాడో ఇప్పుడు కదా తెలిసె నాకు! పోయినేడు కోపంగా వచ్చినాయనకూ ఇట్లనే చేసె. కోపం లేనోళ్ళవైతే ఒకట్రెండు దినాలు తిప్పి ఇచ్చేస్తాడు. మేమేమో మాటలకోసమని అనుకుంటిమి."

"మాటలకోసం కూడా" అన్నాడు నెహెమ్యా, నేలచూపులు చూస్తూ.

భూపేష్ పిస్తోలును చేత్తో ముట్టుకోలేదు. దాన్ని మెల్లగా ముసలాయన వైపే నెట్టాడు.

"నీ దగ్గర్నే పెట్టుకో. దాచిపెట్టేదానికీ నీకు లైసెన్సు ఉండాది కదా. ఆదివారం మధులత మాంసం వండుతానంటాండాది. చర్చి అయినాక వస్తా, ఇద్దరం పోదాం."

ఆదివారం ప్రార్థన ముగిశాక నెహెమ్యా తెల్లచొక్కాతో చర్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చంకలో స్క్రూడ్రైవర్లు, పట్టుకార్లు ఉన్న గుడ్డసంచి.

"తినేదానికి పోతాంటే సంచి యాలా పెద్దాయనా? ఆడ చెడిపోయిందేమీ ల్యా" అన్నాడు భూపేష్, కారు ఆపి.

నెహెమ్యా ముందు సీట్లో అతని పక్కన సర్దుకొని కూర్చొని, సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు పోనియ్యప్పా" అన్నాడు. "పోయినాక నేను చూస్తా కదా."