నడక పందెంలో పరుగు

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం ఒక్కటిగానూ నా జుట్టు నిండుగానూ ఉన్న రోజుల్లో, మనిషిని పరిచయం చేసుకోవాలంటే ముందు పేరు అడగాలన్న మర్యాద మాకు లేదు. మేమంటే కిడ్నీ మార్పిడి చేయించుకున్న పిల్లలం. నెలకోసారి సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి వరండాలో రక్తపరీక్షకి వరస కట్టేవాళ్లం. కొత్త మొహం కనబడితే "నీది ఎవరిది?" అని అడగడం అక్కడి ఆచారం. "అమ్మది", "నాన్నది" అని జవాబు వచ్చేది. పేర్లు తర్వాత, తీరిగ్గా. నన్ను మొదట అలా అడిగినవాడు చిలకలగూడ కుర్రాడు. నా ఈడువాడే అయినా పెద్దరికం చూసి అందరూ చిచ్చా అనేవారు. "మా మేనత్తది" అన్నాను. వాడు నన్ను కిందికీ మీదికీ చూసి, "మేనత్తదా? గట్టిగుంటది తియ్, పరేషాన్ గాకు" అన్నాడు. అంతవరకు పెద్దవాళ్లు చెప్పిన ధైర్యవచనాలన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు.

అమ్మకి షుగరు, నాన్నకి బీపీ, వాళ్లవి పనికిరావన్నారు. సంగతి తెలిసి విజయనగరం నుంచి దిగిన మా అత్త, చీర అరువిచ్చినంత తేలిగ్గా "నాది తీసీండి" అంది. మేనత్త అంటే చట్టం లెక్కలో మరీ దగ్గరి చుట్టం కాదట. అందుకని ఒక కమిటీ ఆవిణ్ణి కూర్చోబెట్టి, "అమ్మా, పిల్లాడి మీద ప్రేమతోనే ఇస్తున్నారా?" అని అడిగింది. "ఈ ఎదవ మీద ప్రేమేటండి? మా అన్న కొడుకని ఇస్తన్నాను" అంది అత్త. కమిటీ వారు కాసేపు ఆలోచించుకోవలసి వచ్చింది.

ఇచ్చిందన్న మాటే గానీ, ఆవిడ దాని మీద హక్కు వదులుకోలేదు. ఆపరేషన్ తర్వాత మా ఇంట్లోనే స్థిరపడి, నేను మెట్లు దిగినా, గట్టిగా తుమ్మినా, "మెల్లగారా, అది నాది" అనేది. బళ్లో ఆటల పీరియడ్‌లో నా ఉద్యోగం, ఆడేవాళ్ల చెప్పులకి కాపలా. (ఒక్క జత కూడా పోలేదు. ఎవరూ మెచ్చుకోలేదు.) చెప్పుల మధ్య కూర్చున్నవాడికి జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉంటుంది. ఒక్కసారి పరిగెత్తాలి. గెలవడం లాంటి దురాశలు నాకు లేవు.

మా డాక్టరమ్మ ఆ కోరిక ఎలా పసిగట్టిందో గానీ, మాలాంటి పిల్లలందరికీ ఒక ఆదివారం ఆటల పోటీలు పెడతానంది. తల్లిదండ్రులతో మీటింగు జరిగింది. పరుగు పందెం మాట రాగానే అత్త లేచింది. "పరిగెడితే ఊడిపోదేటండి?"

"లోపల కుట్టామమ్మా, చిలక్కొయ్యకి తగిలించలేదు" అంది డాక్టరమ్మ. అందరూ హాయిగా నవ్వారు. నవ్వడం అయ్యాక అందరూ అత్త పక్షమే చేరారు. పరుగు పందెం కాస్తా నడక పందెం అయింది. "గిదేంది భయ్! నడిచేటందుకు గ్రౌండెందుకు? బజార్ల నడుస్తలేమా?" అన్నాడు చిచ్చా. నేను మాత్రం చెప్పుల కాపలా నుంచి నడకకి ప్రమోషన్ వచ్చిందని సర్దుకున్నాను.

ఒక మిషన్ స్కూలు గ్రౌండులో పోటీలు. పందెం ఎనిమిదింటికి. కానీ బేగంపేట నుంచి రావలసిన ముఖ్య అతిథి, ముఖ్య అతిథి కాబట్టి, ఆలస్యంగా వచ్చాడు. వచ్చి ఉపన్యాసం మొదలుపెట్టాడు. మాకందరికీ ఉదయం తొమ్మిదింటికి మాత్ర తప్పనిసరి, అందుకని తలా ఒక కూతపెట్టే వాచీ ఉండేది. రైళ్లు తప్పిపోతాయన్న భయం ఉన్న మా అత్త నా వాచీని పది నిమిషాలు ముందుకి తిప్పి ఉంచింది కాబట్టి, ఉపన్యాసం మధ్యలోనే అది కూసింది. మాత్ర మింగేశాను. తర్వాత ఆయన జెండా ఊపాడు, మేం కదిలాం. సగం దూరం వెళ్లామో లేదో, మిగతా వాచీలన్నీ ఒక్కసారిగా కూశాయి. అంతే, పందెం నిలబడిపోయింది. తల్లులు నీళ్ల సీసాలతో గ్రౌండులోకి దూసుకొచ్చారు. ముఖ్య అతిథి జెండా పట్టుకుని, తన వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా అన్నట్టు అందర్నీ చూశాడు.

అప్పటిదాకా చిట్టచివర నడుస్తున్నవాణ్ణి, ఒక్కణ్ణే నడుస్తూ అందర్నీ దాటాను. చిచ్చా నోట్లో మాత్రతోనే, "ఉరుకు భయ్! చాన్స్ మళ్ల రాదు!" అని అరిచాడు. నేను భయంగా అత్త వైపు చూశాను. అత్త కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. "ఆ పెళ్లి నడకేటిరా సన్నాసీ! పరిగెట్టు!"

పరిగెత్తాను. ఎలా పరిగెత్తానో తెలీదు, చూసినవాళ్లు కోడిపిల్లలా అన్నారు. రిబ్బను తెంచేశాను. పీఈటీ సారు ఈల ఊది, "నడక పందెంలో పరిగెత్తావు. ఔట్" అన్నాడు.

"ఔటేటండి?" అత్త వచ్చి సారు ముందు నిలబడింది. "పిల్లడు పరిగెడితే తప్పేటండి?"

గ్రౌండంతా ఆవిడ వైపు తిరిగింది. డాక్టరమ్మ మెల్లగా, "అయితే పరుగు పందెమే పెట్టేద్దామా అమ్మా?" అంది. అత్త నా పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. "ఊడలేదు" అంది, ఊడుతుందని ఇంకెవరో అన్నట్టు. ఆవిడే ఒప్పుకున్నాక మిగతా తల్లులకి అడ్డుచెప్పే దారి లేకపోయింది. మళ్లీ వరసలో నిలబడ్డాం, ఈసారి నిజంగా పరిగెత్తడానికి. చిచ్చా మొదట వచ్చాడు. నేను చివర వచ్చాను, సందేహానికి తావివ్వనంత చివర. వాడు గీత దగ్గర నాకోసం ఆగి భుజం మీద చెయ్యేశాడు. "ఒక్కనివే ఉరికినప్పుడు మస్తు ఉరికినవ్ భయ్."

ఇప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి ఆఫీసుకి వెళ్తుంటాను. నేను ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టేసరికి రైలు కదులుతుంటే, వెనక ఇంకో రైలు ఉందని తెలిసినా పరిగెడతాను. సాధారణంగా అందదు. స్తంభం పట్టుకుని రొప్పుతుంటే, "అయ్యో, తప్పిపోయిందా సార్?" అని ఎవరో ఒకరు జాలిపడతారు. వాళ్ల మనసు నొప్పించడం ఇష్టంలేక, మొహం కాస్త దిగులుగా పెట్టుకుంటాను.