నా పేరు మీదుగా పోయిన పగులు

పక్కింటావిడ నగలు చూసి కుళ్ళుకున్నవాళ్ళను చూశాను. తోడికోడలి చీర చూసి అన్నం మానేసినవాళ్ళనూ చూశాను. స్నేహితురాలి స్టీలు ముక్కలో పడ్డ పగులు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్న మనిషిని మాత్రం నన్ను తప్ప ఇంకెవరినీ చూడలేదు. ఆ రోజుల్లో, అంటే రెండువేల నాలుగు ప్రాంతంలో, నాకు అంతకుమించిన పని కూడా లేదు లెండి. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కడం, తెనాలిలో దిగి బాపట్ల వైపు పోయే పాసింజరు పట్టుకోవడం, బాపట్లలో మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో సాయంత్రం దాకా కూర్చుని పగులు చూడడం. "ఏం చదువుతున్నావమ్మా?" అని రైల్లో ఎవరైనా అడిగితే, "స్టీలు ఎలా పగులుతుందో చూస్తున్నానండి" అనేదాన్ని. "పగలకుండా చూడాలి గానీ, ఎలా పగులుతుందో చూడ్డమేంటి?" అన్నారొక పెద్దాయన. ఆయన మాటలో న్యాయం ఉంది గానీ మా గైడు సార్ ఒప్పుకునేవారు కాదు.

విషయం రెండు ముక్కల్లో చెబుతాను, భయపడకండి. బాయిలర్లలో, సలసలా కాగే గొట్టాల్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీలు ఒక్క దెబ్బకి విరగదు. ఆ వేడిలో దాన్ని లాగి వదిలి, లాగి వదిలి చేస్తూ ఉంటే అలిసిపోతుంది (ఉమ్మడి కుటుంబంలో కోడలిగా ఉన్నవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు). ఎక్కడో ఒక సన్నని పగులు మొదలై వెంట్రుకవాసి చొప్పున ముందుకు సాగుతుంది. ఎన్నిసార్లు లాగితే ఎంత సాగిందన్నదే మా ఎం.టెక్ ప్రాజెక్టు. అరచేతిలో పట్టే స్టీలు పలక, దానికి రెండు కన్నాలు, ఒక అంచున చిన్న చీలిక. దాన్ని కొలిమిలో ఆరువందల డిగ్రీల వేడిలో యంత్రానికి బిగించి, కొలిమికున్న గాజు కిటికీలోంచి మైక్రోస్కోపుతో చూస్తూ పగులు పొడవు రాసుకోవాలి. ఒక్కో ముక్కకీ మూడు నాలుగు రోజులు పట్టేది. మధ్యలో కరెంటు పోతే కొలిమి చల్లారి, మళ్ళీ మొదటికి వచ్చేది.

యంత్రం ఒక్కటే. దానికోసం కాచుకున్న ఆడపిల్లలం ఇద్దరం, నేనూ, తెనాలి నుంచి వచ్చే నిదానమూ. నిదానం అన్నది ఆమెకు నేను పెట్టిన పేరు. ఏం చెప్పినా "తొందరేముందే, నిదానంగా చేద్దాం" అనేది. వాళ్ళ నాన్నగారు స్టీలు లైన్లో ఉంటారని మాత్రమే తెలుసు, అంతకంటే అడిగేంత ప్రేమ నాకు లేదు. ఆమె ముక్కని గుడ్డచక్రం మీద మెరుగు పెట్టిందంటే అందులో చూసి బొట్టు దిద్దుకోవచ్చు. ఆ మెరుపు మీద పగులు గీత గీసినట్టు తిన్నగా కనబడేది. "పగులంటే ఇదీ! రండి, అందరూ వచ్చి చూడండి" అని గైడు సార్ క్లాసు మొత్తాన్నీ పిలిచేవారు. నా పగులేమో ఒక పక్కకే సాగి, అలిగినట్టు ఆగిపోయేది. "నీ పగులుకి పట్టుదల లేదమ్మా" అన్నారొకసారి. నిదానం నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త హాయిగా ద్వేషించేదాన్ని.

ఒక్క పగులు గొడవే అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. మా డిపార్టుమెంటులో ఆ ఏడాది ఒకే ఒక్క లెక్చరర్ ఉద్యోగం ఖాళీ అయింది. ప్రాజెక్టు ముందు పూర్తిచేసిన వాళ్ళకే సిఫారసు అని సార్ ఇద్దరికీ చెప్పేశారు. మా నాన్న మిషన్ స్కూలు మాస్టారు, ఆయన లెక్క సూటిగా ఉండేది. "ఉద్యోగం వస్తే బాపట్ల, రాకపోతే చెరుకుపల్లిలో మీ అత్త ట్యుటోరియల్. మరో మాట లేదు." మా అత్త ట్యుటోరియల్లో ఏడో తరగతి పిల్లలకి భిన్నాలు చెప్పాలి. మా అత్త వెనక బెంచీలో కూర్చుని వినేది కూడా. ఆ బెంచీ కళ్ళ ముందు మెదిలినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

అలాంటి రోజుల్లో నా ముక్క ఒకటి నిదానం ముక్కల్లో కలిసిపోయింది. అంచుకి రంగుతో వేసిన నంబరు కొలిమిలో కాలిపోయేది, అదీ కారణం. ఆమె ఏ ముక్కకా ముక్క కాగితం కవరులో పెట్టి పేరు రాసుకునేది, నేను గుట్టగా పడేసేదాన్ని. ఆమే వెతికి "ఇది నీదేమో చూడవే" అని తెచ్చి ఇచ్చింది. నా కుళ్ళుబుద్ధికి అది వేరేలా తోచింది. మంచి ముక్క తను ఉంచుకుని పనికిమాలినది నాకు అంటగట్టిందేమో! ఇంటికి పోయి అమ్మతో చెప్పుకుని ఏడ్చాను. అమ్మ గిన్నెలు తోముతూ తల కూడా ఎత్తలేదు. "స్టీలన్నాక పేరు కొట్టించకుండా ఎవరైనా ఉంచుతారటే? మన ఇంట్లో గరిటెకి కూడా పేరుంది. అందుకేగా చర్చి విందులకిచ్చిన గిన్నెలన్నీ తిరిగొస్తాయి." ఎం.టెక్ చదువుతున్న నాకు ఆ మాట వేదవాక్కులా వినిపించింది.

మర్నాడు మిగిలిన ఆరు ముక్కలూ సంచిలో వేసుకుని తెనాలి బజార్లో దిగాను. స్టీలు సామాన్ల కొట్ల వరసలో అరుగు మీద కూర్చుని ఒక పెద్దాయన చిన్న ఉలీ సుత్తీతో బిందె మీద పేరు కొడుతున్నారు. ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంటమ్మా ఇవి, తలుపు గొళ్ళేలా?"

"అలాంటివే బాబాయ్. పేరు కొట్టాలి. ఇంటిపేరుతో సహా."

"ఎవరి జ్ఞాపకార్థం?"

"జ్ఞాపకార్థమేంటి బాబాయ్, నేనే! బతికే ఉన్నాగా."

ఆయన నవ్వి, "సన్నగా కొడతాను, అందంగా ఉంటది" అన్నారు. "వద్దు, లోతుగా కొట్టండి. వందేళ్ళయినా చెరిగిపోకూడదు" అన్నాను. ఆయన ఉలి పక్కన పెట్టి, "స్టీలుకి అంత లోతు దేనికమ్మా?" అన్నారు. నేను వినలేదు. చీలిక ముందు ఖాళీగా, నున్నగా ఉన్న చోటు చూపించి మరీ కొట్టించుకున్నాను. గుండ్రటి అక్షరాలు, ముచ్చటైన తలకట్లు. రైల్లో బాపట్ల దాకా సంచిలో చెయ్యిపెట్టి తడుముకుంటూనే ఉన్నాను.

పేరున్న వైపు నిదానం కంటబడితే ఎగతాళి చేస్తుందని దాన్ని వెనక్కి తిప్పి, నున్నటి వైపు కిటికీకి పెట్టి యంత్రం ఆన్ చేశాను. ఇక చూడాలి నా వైభవం! ఎప్పుడూ కదలని పగులు పరుగందుకుంది. నేను రాసుకునే లోపే మరో గీత దాటేది. నాలుగు రోజుల ముక్క మర్నాటి మధ్యాహ్నానికే ఫట్టుమంది. "నీ పగులింకా నడుస్తోంది, నాది పరిగెత్తింది చూశావా?" అన్నాను నిదానంతో. ఆమె నా అంకెలు చూసి, "ఏదో తేడాగా ఉందే, ఒకసారి ముక్క చూద్దాం" అంది. ఓర్వలేక అంటోందనుకుని సార్ గదికి పరిగెత్తాను.

సార్ గ్రాఫు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇదే నిజమైతే దేశంలో బాయిలర్లన్నీ సాయంత్రానికి పేలిపోతాయమ్మా." విరిగిన ముక్కలు రెండూ కలిపి పట్టుకుని వెనక్కి తిప్పారు. తిన్నగా పోవలసిన పగులు నా ఇంటిపేరు మొదటి అక్షరం అందగానే దాని గాడిలోకి దిగి, సున్నా చుట్టూ తిరిగి, ఒత్తు మీదుగా జారి అవతలి అంచుకి చేరింది.

"ఏంటిది?"

"పేరండి."

"పేరని తెలుస్తోంది. ఎందుకు?"

"కలిసిపోకుండా అండి."

సార్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "గోటిగీత పడినా పగులు అక్కడికే పోతుందని మీకు మొదటి రోజే చెప్పాను. ఇక కొత్త స్టీలు లేదు. గడువు నెలన్నర ఉంది" అని ముక్కలు నా చేతిలో పెట్టారు. వరండాలోకొచ్చి కూలబడ్డాను. ఉద్యోగం పోయింది, అత్త బెంచీ ఖాయమైంది.

నిదానం వచ్చి పక్కన కూర్చుని మిగిలిన ముక్కలు చూసింది. అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది మా నాన్న చెయ్యి" అంది. స్టీలు లైనంటే ఆ అరుగన్నమాట! "గాడి పోయేదాకా రెండు వైపులా సమంగా అరగదీసి, మందం మళ్ళీ కొలిచి లెక్కలో వేసుకోవచ్చు. సార్‌ని నేనడుగుతాలే" అంది. సార్ ఒప్పుకున్నారు. ఆదివారం నన్ను తెనాలిలో వాళ్ళింటికి తీసుకెళ్ళింది. నన్ను చూడగానే ఆ పెద్దాయన గుర్తుపట్టారు. నేను నేల చూపులు చూస్తున్నాను. కూతురు సంగతంతా చెప్పాక ఆయన, "తెలీక నేనే లోతుగా కొట్టేశాను బేటీ. పాపం, ఈ అమ్మాయి చదువు పాడుచేశాను" అన్నారు. లోతుగా కొట్టమన్నది నేనేనండీ అనాలి. నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఆయన ఆ రోజు పనంతా మానుకుని, తను కొట్టిన పేరుని తనే అరగదీశారు.

తర్వాత జరిగింది చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. యంత్రం మీద తనకు రావలసిన వంతులు మూడు నిదానం నాకిచ్చేసింది. "మా నాన్న చేతిపని వల్ల నీ ఉద్యోగం పోతే ఆయన అన్నం తినడే" అంది. నా కోసం కాదన్నమాట అని నేను దానికీ ముఖం మాడ్చుకున్నాను, చూడండి! గడువునాటికి నా ముక్కలు పూర్తయ్యాయి, ఆమెవి రెండు మిగిలిపోయాయి. ఉద్యోగం నాకొచ్చింది. సార్ ఆ మాట చెప్పినప్పుడు ల్యాబ్‌లో మొదట చప్పట్లు కొట్టింది ఆమే. ఆమె ఓ సెమిస్టరు ఆలస్యంగా పూర్తిచేసి, గుంటూరు వైపు వేరే కాలేజీలో చేరింది.

ఏడాది గడిచాక తెనాలి ప్లాట్‌ఫారం మీద కనబడింది. నా రేపల్లె బండి కదలబోతోంది. ఇంకో నిమిషం ఉంటే చెప్పలేనని తెలిసి, కిటికీలోంచి తల బయటపెట్టి గబగబా అనేశాను. "మీ నాన్నగారి తప్పేం లేదే. లోతుగా కొట్టమన్నది నేనే."

"తెలుసులే" అంది.

"ఆయన చెప్పారా?"

"ఆయనెందుకు చెబుతాడు? మా నాన్న చెయ్యి ఎంత లోతు దిగుద్దో నాకు తెలీదా? ఎవరో పట్టుబడితే తప్ప అంత దిగదు. ఆ వరండాలోనే తెలుసు."

బండి కదిలింది. ఆమె చెయ్యి ఊపింది. వరండాలోనే తెలిసి, ఆ తర్వాత మూడు వంతులూ ఇచ్చింది. ఆ క్షణాన నాకు ముందు రావలసింది సిగ్గు. అది వచ్చింది గానీ, జంపని దాటాక వచ్చింది. అప్పటిదాకా కిటికీ ఊచలు పట్టుకుని, ఇంత తెలిసీ ఎలా ఊరుకుందీ, అంత మంచితనం నాకెందుకు లేదూ అని పళ్ళు నూరుకుంటూనే కూర్చున్నాను.