పెన్నా లోయలో మూడో సాంచ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి చాయ్ తాగడానికి పోయే రకం నేను. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. ఒక శబ్దం విన్నాను, అంతే. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మాది సిరిసిల్ల. ఇరవై ఏళ్ళు సాంచాలు నడిపాను. సాంచ అంటే మా దగ్గర మరమగ్గం. ఒక్కొక్కరం నాలుగేసి నడిపేవాళ్ళం. షెడ్డులో ఆ మోతకు పక్కవాడి మాట వినపడదు, సైగలతోనే మాట్లాడుకుంటాం. కానీ నాలుగింట్లో ఒకటి ఆగితే మాత్రం చూడకుండానే తెలిసిపోతుంది. పోగు తెగినా, కండె మీద నూలు అయిపోయినా సాంచ దానంతటదే ఆగుతుంది. ఆ క్షణం నోట్లో ముద్ద ఉన్నా సరే, కాళ్ళు అటే పోతాయి. ఒకరి చేతులు ఖాళీగా లేకపోతే పక్కవాడు పోయి నడిపిస్తాడు. అది అడిగి చేయించుకునే పని కాదు.

నా నాలుగింట్లో మూడోది మహా మొండిది. పోగు తెగకపోయినా ఆగేది. ఎన్ని తిట్లు తిట్టానో, ఎన్నిసార్లు కాలితో తన్నానో లెక్కలేదు. పని తగ్గిపోయాక నాలుగింటినీ తుక్కుకు వేశాను. మూడోది బండెక్కిన రోజు పీడ వదిలిందనుకున్నాను.

నా భార్య లావణ్యది కోరుట్ల. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముడు నరేందర్‌ను తనే పెంచింది. దుబాయ్ పోకముందు నరేందర్ నాలుగేళ్ళు మా షెడ్డులోనే, నా పక్క సాంచాల మీద పనిచేశాడు. వాడికి ఫోన్‌లో గండికోట లోయను చూసి పిచ్చి పట్టింది. కంపెనీ సెలవు ఎప్పుడిస్తే అప్పుడే వస్తాడు కాబట్టి, మూడు సెలవుల్లో మూడు కాలాల్లో ఆ లోయ చూశాం. బయలుదేరే ముందు లావణ్య ప్రతిసారీ నాకు అదే చెప్పేది.

"వానికి ఫోటోల పిచ్చి. అంచుకు పోనియ్యకు. నా తమ్ముణ్ణి ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తీస్కరావాలె."

మొదటిసారి ఎండాకాలం పోయాం. ఎర్రటి రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. రెండు గోడల మధ్య పెన్నా సన్నగా, పచ్చగా, కదలకుండా పడి ఉంది. నరేందర్ ఫోటోలు తీసుకుంటుంటే నేను నీడన కూర్చున్నాను. లోయలోంచి సాంచాల మోత వినపడింది. చిన్నగా, దూరంగా. నా చెవులు ఎట్లాగూ పాడయ్యాయి, వాటి గుయ్యిమనడమే అనుకుని నీళ్ళు తాగాను.

రెండోసారి వానాకాలం. నది ఎర్రగా నిండుగా పారుతోంది, తడిసిన బండలు జారుతున్నాయి. మళ్ళీ అదే మోత. నీళ్ళ హోరు అనుకుందామంటే హోరుకు దరువు ఉండదు, దీనికి ఉంది. ఎన్ని సాంచాలో కూడా చెప్పగలను. నాలుగు. నరేందర్‌తో ఏమీ అనలేదు. బావకు మతి పోయిందని కోరుట్లంతా చెప్పుకుంటాడని భయం.

మూడోసారి చలికాలం. పొద్దున ఏడున్నర, ఎనిమిది అయి ఉంటుంది. మంచు కింద నది కనిపించడం లేదు. గాలి లేదు, జనం లేరు. నరేందర్ లోయకు వీపు పెట్టి, అంచున ఉన్న ఒక పలక రాయి మీద నిలబడ్డాడు. దిగి రమ్మని రెండుసార్లు చెప్పాను.

"ఒక్కటే బావా. ఎనక లోయంత రావాలె."

ఫోటో తీసేస్తే దిగుతాడని రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాను. నా తప్పు అదే. అప్పుడు మోత మొదలైంది. ఈసారి లోయలోంచి కాదు, నా వెనక నుంచి, చాలా దగ్గరగా. వెనక ఉన్నవి రాళ్ళూ కోటగోడా.

అందులో ఒకటి ఆగింది.

నా మెడ వెనక్కి తిరిగింది. అదే క్షణంలో నరేందర్ రాయి దిగి, నన్ను దాటుకుని గబగబా నాలుగడుగులు వేశాడు. షెడ్డులో నా చేతులు ఖాళీ లేనప్పుడు వాడు అట్లాగే పోయేవాడు. మా వెనక ఏదో గీసుకుపోయినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే పలక రాయి లేదు. అది కింద పడ్డ శబ్దం కాసేపటికి గానీ రాలేదు.

ఇద్దరం నేల మీద కూలబడ్డాం. ముందు వాడే మాట్లాడాడు.

"బావా, మూడోది ఆగింది గదా. నీ చేతుల ఫోన్ ఉన్నది, అందుకే నేను పోయిన."

సాంచాల గురించి ఆ లోయ దగ్గర నేను వాడితో ఒక్క మాట కూడా అనలేదు. అడిగితే, ముందు రెండుసార్లూ తనకూ వినపడిందట. బావ నవ్వుతాడని చెప్పలేదట.

వచ్చాక జగిత్యాలలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. నరం అరిగింది, లేని శబ్దాలు వినపడవచ్చు అన్నాడు. మరి నాతో ఉన్న బామ్మర్దికి కూడా అదే శబ్దం, అదే క్షణంలో ఆగినట్టు ఎందుకు వినపడిందంటే, అది తన సబ్జెక్టు కాదన్నాడు. నది అనుకుందామంటే ఎండాకాలం పారలేదు. గాలి అనుకుందామంటే ఆ పొద్దున లేదు.

లావణ్యకు రెండు నెలల దాకా చెప్పలేదు. చెప్పినరోజు చాలాసేపు ఏడ్చింది. అంజన్న దయ అని నన్ను కొండగట్టు తీసుకుపోయి కొబ్బరికాయ కొట్టించింది. తిరిగి వస్తుంటే బస్సులో అడిగింది.

"గా మూడోదాన్ని ఎవలికి అమ్మినవ్?"

తుక్కు కొన్నాయన దగ్గరికి ఇద్దరం పోయాం. ఎప్పుడో కరిగించడానికి పంపేశానన్నాడు. తుక్కు కుప్పల మధ్య అది ఒకప్పుడు పడి ఉన్న ఖాళీ జాగా వైపు తిరిగి, లావణ్య చెప్పులు విప్పి దండం పెట్టింది. నేను పక్కన నిలబడ్డాను.

నరేందర్ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా మళ్ళీ వినపడిందా అని అడుగుతాడు. లేదనే చెబుతాను. అది ఏమిటో నాకు తెలియదు, తెలిసినట్టు నటించలేను. ఊరికే ఆగుతుందని ఇన్నేళ్ళు దాన్ని తన్నాను. ఆ ఒక్క పొద్దున ఆగకపోయి ఉంటే, లావణ్య ముందుకు ఏ ముఖంతో పోయేవాణ్ణి?